ఫ్లాస్కు కోసం వెతక్కండి

ఏమండీ, గుడ్లు ఉడకబెట్టి మూతపెట్టాను. లేవగానే తినండి. ఫ్లాస్కు కోసం వెతక్కండి, నేనే డ్యూటీకి పట్టుకెళ్తున్నాను.

నిన్న మా ఆసుపత్రిలో డాక్టరమ్మను అడిగాను. పరగడుపునే నేను ఫ్లాస్కులో పోసిచ్చేంత స్ట్రాంగ్ కాఫీ తాగితే దడ, కంగారు ఇంకా పెరుగుతాయంది. స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయని మీరన్నప్పుడల్లా, ధైర్యం వస్తుందని ఇంకో చెంచా పొడి వేసింది నేనే. పోయినవారం, ఇక బస్సు నడపలేనని మీరు డిపోలో రాసిచ్చి వస్తే, ఇంత పిరికి మనిషేంటని ముఖం తిప్పుకున్నదీ నేనే.

ఇంకొక్కమాట. ఆ కాఫీ వట్టి చేదని మీ కండక్టరుతో అనేవారట, ఇందాకే ఫోన్‌లో చెప్పాడు. నాకెందుకు చెప్పలేదండీ? రోజూ ఫ్లాస్కు చుక్క మిగల్చకుండా తెచ్చేవారు.