వాకిట్ల తంగేడు

ఆదివారం, రాత్రి

ఒళ్లంత పులిసిపోయింది. మా వాకిట్ల పొద్దంత ఎండనే. ఏటేటా పూల మొక్కలు నాటే ఓపిక ఇగ నాకు లేదు. ఒక్కసారి పెడితే ఏండ్లకేండ్లు పూసేది కావాలని బోధన్ రోడ్డు మీది నర్సరీకి పోయిన. గులాబీ, మందారం, నూరువరహాలు అన్నీ సూపెట్టిండు నర్సరీ ఆయన. నేను తంగేడు అడిగిన.

"గట్ల మీద ఊకెనే దొరుకుతది గదక్కా! బతుకమ్మకు మీ ఇంటాయన కోసుకరాడా?" అని నవ్విండు.

కాలు చెయ్యి పడిపోయి ఆయన మంచంలనే ఉన్నడని చెప్పబుద్ధి కాలే. ఆఖరికి ఎనకకు పోయి ఒక మొక్క తెచ్చిచ్చిండు.

ఇంటికొచ్చి నాటుతుంటే మా ఆయన మంచంల పండుకొనే కిటికీలకెళ్లి సూసిండు.

"తంగేడు ఎవలన్న కొంటరా? పండుగకు నేను తెస్త గద," అన్నడు.

"సరే, నువ్వే తే," అన్న. మొక్కకు నీళ్లు మాత్రం పోసిన.