శకునం చూడని ప్రయాణం

నవంబర్ 3, 1978. బర్ దుబాయ్

పక్క ఫ్లాట్ మల్లేశం ఇండియా బయల్దేరుతున్నాడట. వదిన వచ్చి, "సుభద్రా, కాసేపు లోపలే ఉండు, ఏమనుకోకు" అంది. మా ఆయన పోయినప్పటి నుంచీ ఇదే వరస. ఎవరు ప్రయాణమైనా నేను వంటింట్లో. నర్సుగా నా చేతులు అందరికీ కావాలి, గుమ్మం దగ్గర నా మొహం మాత్రం ఎవరికీ పనికిరాదు.

డ్యూటీకి టైమైపోతోంది. చెప్పులు తొడుక్కుని బయటికొచ్చాను. మెట్ల మీద మల్లేశానికే ఎదురుపడ్డాను... పెట్టె పట్టుకుని వెనక్కి తిరిగాడు.

నవంబర్ 4

మల్లేశానికి విమానం తప్పిపోయింది. ఇంట్లోకెళ్లి కూర్చుని, నీళ్లు తాగి, నా శకునం విరిగేదాకా ఆగి మళ్లీ బయల్దేరాడట. వెళ్లేసరికి కౌంటర్ మూసేశారు.

"నీ తప్పేం లేదక్కా, నా నసీబే గట్లుంది" అన్నాడు పాపం. అన్నయ్య మాత్రం అన్నం దగ్గర నా వైపు చూడలేదు. తాపీగా కూర్చుని నీళ్లు తాగినవాడిదేం లేదు, పాపమంతా నాదే. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. ఒళ్లు మండిపోతోంది.

నవంబర్ 6

నేను చూసుకునే ముసలామె ఎలెనీ ఈరోజు కిటికీ దాకా నడిచింది. తుంటి ఎముక బాగానే అతికింది. కొడుకు ఇక్కడ ఇంజినీరు, వాళ్లది సైప్రస్. నాలుగేళ్ల క్రితం యుద్ధంలో ఊరు విడిచి పరుగెత్తారు. ఊరు అలాగే ఉందట — చుట్టూ ముళ్లకంచె, లోపల నరమానవుడు లేడు. "పొయ్యి ఆపానో లేదో..." అంటుంది రోజూ. నవ్వొచ్చేది మొదట్లో. ఇప్పుడు రాదు.

భర్త పోయి చాలా ఏళ్లు. తల నుంచి కాళ్ల దాకా నలుపే కడుతుంది. ఎవరూ లోపలికి పొమ్మనరు.

నవంబర్ 9

ఎలెనీ కొడుకు అడిగాడు. అమ్మ ఇక ఇక్కడ ఉండనంటోంది, సైప్రస్‌లోనే, లార్నాకాలో తన చెల్లెలి ఇంటికి పంపుతున్నాను, ఆరు నెలలు తోడుంటారా, అని. అడగడం పూర్తికాక ముందే సరేనన్నాను.

నవంబర్ 10

"మతి పోయిందా నీకు? యుద్ధం జరిగిన దేశం. నేలలో బాంబులు. ఒంటరి ఆడదానివి" — అన్నయ్య.

ఎలెనీ రొట్టె ముక్కలతో నాకు చూపించినట్టే నేనూ బియ్యపు గింజలతో ఆ దేశం చూపించాను. ఉత్తరాన ఓ కొండల వరస. ఇటు పెద్ద కొండలు, చలికాలం మంచు పడుతుంది. నడుమ మైదానం. దేశాన్ని రెండు చేస్తూ గీత, గీత మీద నీలం టోపీల ఐక్యరాజ్యసమితి సైనికులు. అక్కడ ఫొటోలు తీయకూడదు. ఎర్ర బోర్డు దాటకూడదు, ఆ దగ్గర్లో రోడ్డు దిగి పొలాల్లో నడవకూడదు. మిగతా చోట్ల జనం బజారుకెళ్తున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు.

"మనుషులెలాంటివాళ్లో..." అంది వదిన. కాఫీ తాగందే గుమ్మం దాటనివ్వరట, చెప్పాను.

అన్నయ్య గింజలన్నీ చేత్తో తుడిచేశాడు. అక్కడ ప్రమాదం ఉన్నచోట బోర్డు పెడతారు అన్నయ్యా. ఇక్కడ నేనే బోర్డుని. ఈ మాట పైకి అనలేదు. అనాల్సింది.

నవంబర్ 13

పాస్‌పోర్ట్ నా వీసా పెట్టిన కఫీల్ దగ్గర. "ఆయన ఊళ్లో లేడు" అంటాడు అన్నయ్య రోజూ. ఇవాళ నేనే వెళ్లాను. ఊళ్లోనే ఉన్నాడు, టీ తాగుతున్నాడు.

"భాయ్ కో మాలూమ్?"

"మాలూమ్."

అన్నయ్యకి తెలుసు కదా, అబద్ధమేముంది. ఒప్పుకున్నాడా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఖలాస్ — పాస్‌పోర్ట్ నా సంచిలో ఉంది.

నవంబర్ 14

అన్నయ్య మాట్లాడడు. నేనూ మాట్లాడను.

నవంబర్ 18. ఎయిర్‌పోర్ట్

బయల్దేరబోతుంటే వదిన అంది, "ఉండు, బొట్టు దిద్దుకుని నేనెదురొస్తాను." మంచి మనసుతోనే అంది. వద్దన్నాను. నా ప్రయాణానికి ఎవరి మొహమూ అరువు అక్కర్లేదు.

కింద వీధి గుమ్మంలోకి వచ్చాం. టాక్సీ దిగి, చేతికర్రతో, నల్లబట్టల్లో, ఎలెనీ సరిగ్గా నాకెదురు. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను పకపకా నవ్వాను. ఎందుకో తెలియకుండానే ఎలెనీ కూడా నవ్వింది. చెయ్యి పట్టుకుని నడిపించాను.

టాక్సీ తలుపు వేస్తుంటే అన్నయ్య గబగబా మెట్లు దిగొచ్చాడు. చేతిలో గ్లాసు. ఇన్నాళ్లకు నోరు విప్పాడు —

"నీళ్లు తాగి వెళ్లు."

శకునం విరగడానికా? దారిలో దాహమవుతుందనా? మొహం చూస్తే తెలిసేదేమో... చూడలేదు. తాగలేదు. టాక్సీవాడితో యల్లా, పోనివ్వు అన్నాను.

ఎలెనీ నా భుజం మీద నిద్రపోతోంది. విమానానికి పిలుస్తున్నారు. గొంతు తడారిపోతోంది.