దిద్దుకునే రాయి

ఆళ్లగడ్డలో విగ్రహాల పనిలో మునిగి ఉన్న జనార్దనం మామకు, నంద్యాల నుంచి మేనకోడలి ఫిర్యాదు. ఫోన్లో చెబితే నవ్వి పెట్టేస్తావని రాస్తున్నాను.

మా బడిలో చిన్నపిల్లలు వేలితో దిద్దుకోవడానికని నువ్వు నల్లరాతి మీద గాడిగా చెక్కి పంపిన అక్షరాలు చేరాయి. తప్పంతా నీ పనితనానిదే. మొదటిరోజు బాగానే గడిచింది. పెన్సిల్ పట్టుకోమంటే ఏడ్చే నాలుగేళ్ల చైత్ర, ‘అ’ గాడిలో వేలు పెట్టి ఇరవైసార్లు తిప్పింది. నవ్వింది కూడా.

మర్నాడు వాళ్ల అవ్వ సులోచనమ్మ వచ్చి చూసింది. “ఎంగిలి చేత్తో సరస్వతమ్మను తాకుతాండావేందే?” అని పిల్ల చేతిమీద ఒకటేసి, అక్షరాలకు పసుపు కుంకుమ పెట్టింది.

“అది ఆటవస్తువు అవ్వా” అన్నాను.

“ఆళ్లగడ్డ రాయి ఆటవస్తువా? డిగ్రీ చదివి నువ్వు నేర్చింది ఇదేనా పాపా?”

ఇప్పుడు తల్లులు టెంకాయలు తెస్తున్నారు. మా కరస్పాండెంటుగారు రాయి చుట్టూ గ్రిల్లు పెట్టించి, పిల్లలకు మళ్లీ కాపీ పుస్తకాలు ఇచ్చారు. చైత్ర ‘అ’ కనబడితే దండం పెడుతుంది, రాయమంటే ఏడుస్తుంది.

అందుకని ఇంకో పలక చెక్కి పంపు మామా. పంపేముందు ఒక మూల ఉలితో పగలగొట్టు. పగిలి భిన్నమైన రాయికి ఎవరూ పూజ చెయ్యరు కదా. నలభై ఏళ్లుగా పెచ్చు లేవకుండా చెక్కినవాడివి, నీకు చేతులు రావని తెలుసు. కళ్లు మూసుకుని ఒక్క దెబ్బ వెయ్యి. ఆ మూల చూసి సులోచనమ్మ మొహం తిప్పుకుంటే చాలు, మిగతాది చైత్ర వేలు చూసుకుంటుంది.