పదకొండో వంతు

7 జూన్ 1987, ఆదివారం, మాచర్ల

ఆటలో రాక్షసుడు మళ్ళీ ఐదు నిమిషాల్లో చచ్చాడు. మద్రాసులో చదివే మా బావమరిది పంపిన జిరాక్స్ పుస్తకం నలుగురి ఆట కోసం రాసింది. నేను కథ చెబుతాను, మిగతావాళ్ళు వీరులు. డబ్బాలో ఇరవై నంబరు చీటీలుంటాయి, పెద్ద నంబరొస్తే దెబ్బ తగిలినట్టు. ఇప్పుడు క్వారీ ఆఫీసు నుంచీ గుంటలోంచీ పదకొండు మంది వస్తున్నారు. తలా ఒకటి వేస్తే ఏ రాక్షసుడు తట్టుకుంటాడు? ఎనిమిదో వంతుకే పడ్డాడు. డ్రిల్లర్ యేసుపాదం చీటీ ముట్టకుండానే వెళ్ళిపోయాడు.

10 జూన్

ఆఫీసు ట్రేసింగ్ పేపర్ మీద ఆట లెక్కలు. రాక్షసుడి బలం ముప్ఫై నుంచి తొంభై చేశాను. ఇంజనీరు చూసి ఇది ఏ బ్లాస్టింగ్‌కి అని అడిగాడు.

14 జూన్, ఆదివారం

తొంభై ఎక్కువైంది. ఎదురుదెబ్బలకు నలుగురు వీరులు పోయారు. హెడ్‌క్లర్కు గోపాలకృష్ణయ్య బాబాయి, నా చావు రాయటానికి నువ్వెవడివిరా అని అలిగాడు. పోయినవాళ్ళలో యేసుపాదం ఒకడు. అప్పటికింకా వాడి వంతే రాలేదు.

16 జూన్

అన్నం సయించడం లేదు. ఒక ఆటకు ఇంత ఏంది నాకు?

21 జూన్, ఆదివారం

ఒక్క పెద్ద రాక్షసుడి బదులు పదకొండు చిన్నవాళ్ళను పెట్టాను, మనిషికొకడు. కుదిరిందనుకున్నా. పదో వంతువాడు కొండలు తన రాక్షసుణ్ణి వదిలేసి యేసుపాదానికిచ్చిన రాక్షసుణ్ణి చంపాడు. నీకు శ్రమ తప్పించాన్లే అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వెళ్ళేటప్పుడు యేసుపాదం గుమ్మం దగ్గర ఆగాడు. ఇంక రాను సార్, పొద్దుటి ప్రార్థన మానుకొని వస్తన్నా, ఊరికే కూచోనుండేదానికి అదే మేలు అన్నాడు. మెల్లగానే అన్నాడు. మిగతావాళ్ళు టీ కోసం వస్తారు. రాక్షసుడి గుహలో వాసన ఎట్లా ఉంటది అని అడిగేది వాడొక్కడే. వాడు రాకపోతే నేను కథ ఎవరికి చెప్పాలి?

24 జూన్, పొద్దున ఆరు

గోడ మీది వంతుల కాగితం చూస్తూ కూచున్నా. పుస్తకం ప్రకారం ఎవరు ముందో కూడా చీటీలే చెప్పాలి. మొదటి రోజు మావాళ్ళు ఒప్పుకోలేదు. బాబాయి ఉండగా మనం ముందు చీటీ తీస్తామా అన్నారు. సరే, వయసు ప్రకారం రాశాను. బాబాయి, అంకమ్మరావు, మౌలాలీ, అట్లా కిందికి. పది కొండలు. పదకొండు యేసుపాదం.

కొండలుకు ఇరవై రెండేళ్ళు. యేసుపాదానికి ముప్ఫై ఒకటి.

ఎవరూ అట్లా రాయమనలేదు. చెయ్యి దానంతటదే రాసింది. మూడు వారాలుగా రాక్షసుడి బలం కూడుతున్నా, తీసేస్తున్నా. సిగ్గేస్తోంది.

25 జూన్

కాగితం చింపాను. వంతులు చీటీల ప్రకారమే, ఆట ఇక పొద్దున కాదు, మధ్యాహ్నం మూడింటికి అని అందరికీ చెప్పాను. బాబాయి, నాకంటే ముందు వాడు చీటీ తీస్తాడా అన్నాడు. వాడు అంటే ఎవరని అడిగాను. లేచి వెళ్ళాడు. ఆయన వెనక ఐదుగురు.

గుంటలోకి దిగి యేసుపాదానికి చెప్పాను. కాగితం సంగతీ చెప్పాను. నాకు తెలుసు సార్ అన్నాడు. మళ్ళీ డ్రిల్లు ఆన్ చేశాడు.

28 జూన్, ఆదివారం

ఐదుగురే వచ్చారు. మొదటి వంతు యేసుపాదానికి పడింది. దెబ్బ తగల్లేదు. నా రెండో వంతు ఎప్పుడు అని అడిగాడు.