గజేంద్రది నాటకం కాదు

చెంగల్రాయులు బావకు,

మామిడిచెట్టు మీదనుంచి పడి వెన్ను విరిగిన నా కొడుకు గజేంద్రది నాటకమని మూడేండ్లుగా నువ్వంటాంటే దిగమింగినాను. ఇంక మింగను. మొన్న గంగజాతరకు మీ ఇంటికొస్తే వాడికి మొహమంతా చెమటలు పట్టినాయి, తల పగిలిపోతాందని అరిచినాడు. నాటకమన్న నువ్వే ఆపొద్దు మూర్ఛ అని చేతిలో తాళాలు పెట్టి వెల్లకిలా పడుకోబెట్టినావు. ఉచ్చ గొట్టం నడుము కింద మడత పడిందని ఎవురన్నా చూసినారా?

ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది: "ఉచ్చతిత్తి నిండిన కబురు విరిగినచోటు దాటి తలకు పోదు పెద్దాయనా. కింది వెన్నే బెదిరి, రక్తనాళాలను బిగించి బీపీ ఎక్కిస్తాది. కూర్చోబెట్టి గొట్టం సరిచేయకపోతే ప్రాణమే పోతాది."

ఆ గొట్టం మార్చేది తెలిసింది వాడి పెండ్లానికే, నీ కూతురికే. నా చేతులు వణుకుతాయి. జాతరనాటి నుంచి ఆమె మీ ఇంట్లోనే ఉండాది. డాక్టరమ్మ మాట ఆమెకు చెప్పు. విన్నాక కూడా రానంటే నేనడగను. ఆపింది నువ్వా, ఆమే ఆగిందా? శుక్రవారం లోపల రాయి.