పగలని కప్పులు

అన్నయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు అలవాటుగా ఆ కుడి చెవికే ఆనించుకుని, "లైను బాగాలేదు" అని పెట్టేస్తున్నావు. అందుకే ఈ ఉత్తరం వదిన చేతికిచ్చి పంపుతున్నాను.

నిన్న ఫ్యాక్టరీలో నువ్వు చెంచాతో తట్టి చూసి, పగుళ్ళున్నాయని తీసేసిన పింగాణీ కప్పులు పగలగొట్టడానికి మా ప్యాకింగ్ గదికి వచ్చాయి. బట్టీ మేస్త్రిని చెడామడా తిట్టావని కూడా విన్నాను. నాకెందుకో మనసొప్పక, నువ్వు నేర్పినట్టే ఒక్కొక్కటీ తట్టి చూశాను. అన్నీ ఖంగుమన్నాయి, ఒక్కదానికీ పగులు లేదు. తేడా కప్పుల్లో లేదు అన్నయ్యా.

నిన్న పొద్దున నిద్ర లేచేసరికి కుడి చెవి దిబ్బడేసిందని, గులిమి అయివుంటుందని నూనె పోసుకుని కూర్చున్నావట, వదిన చెప్పింది. చెవుల డాక్టరుని నేనే వెళ్ళి అడిగాను. ఇలా ఒక్కసారిగా వినికిడి పోతే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదట. ముందు వినికిడి పరీక్ష చేసి స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారట. వాటితో సరిపోకపోతే చెవిలోకే ఇంజక్షన్. అందరికీ పూర్తిగా తిరిగొస్తుందని ఆయన మాటివ్వలేదు, నేనూ ఇవ్వను. ఆ మాత్రలతో షుగరు పెరుగుతుందట, నీకు షుగరుందని మాత్రం ముందే చెప్పు.

ఉద్యోగం గురించి నీ బెంగ నాకు తెలుసు. ఆ కప్పుల్ని పగలనివ్వలేదు. మేస్త్రికి ఇంకా ఏమీ చెప్పలేదు, ఆ మాట నువ్వే చెప్పుకోవాలి.

వాటిలో ఒకటి వదిన సంచిలో పెట్టాను. ముందు ఎడమ చెవి దగ్గర తట్టి విను. తర్వాత కుడి చెవి దగ్గర తట్టు. అప్పటికీ నాతో వాదించాలనిపిస్తే, డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని వాదిద్దువుగాని. బండిని గుమ్మం ముందే ఆపి ఉంచమని వదినకి చెప్పాను.

నీ చెల్లెలు