తలుపు స్విచ్‌కి వేసిన ఎర్ర వైరు

కద్మా,
జంషెడ్‌పూర్.

చిట్టితల్లి సుకీర్తికి,

నాన్న ముద్దులు, ఆశీస్సులు. దేవుని దయవల్ల ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. గాజువాక ఉక్కపోతలో నువ్వూ వేళకి తింటూ, ఒంట్లో బాగున్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. “ఫోనుండగా ఉత్తరమేటి?” అని అమ్మ నవ్వింది గానీ, నా చేత రెండుసార్లు చదివించుకుంది. తన షుగర్ అదుపులోనే ఉంది. నువ్వు పంపిన తాండ్ర తను తినకూడదు కాబట్టి నన్నూ తిననివ్వడం లేదు. చర్చిలో పాటలకి మళ్లీ వెళుతోంది. నీ కిటికీ దగ్గరి మల్లెమొక్క సంగతి అడిగావు. ఈ ఎండలకి కాస్త వాడింది, రోజూ నేనే నీళ్లు పోస్తున్నాను.

ఇక నీ అసలు ప్రశ్న. మీ ప్లాంటులో డస్ట్ కలెక్టర్ తలుపు స్విచ్ మాటిమాటికీ మిషన్ ఆపేస్తోందనీ, కొత్తది వచ్చేదాకా దాన్ని తప్పించి వైరుతో కలిపేయమని మీ ఇన్‌చార్జి చెబుతున్నాడనీ రాశావు. “ఒక్క షిఫ్టుకైతే పర్లేదా నాన్నా?” అని అడిగావు. వద్దమ్మా. ఎందుకు వద్దో ఫోన్లో చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించాను, నోరు రాలేదు. నడుంనొప్పి వల్ల కరెంటు ప్యానెల్ పని వదిలి స్టోరుకి మారానని నీతో అన్నాను కదా, అది అబద్ధం.

ఇసుక అచ్చుల్లో ఇనుము పోతపోసే మా ఫౌండ్రీ నువ్వు చూడలేదు. ఇసుక దుమ్మంతా డస్ట్ కలెక్టర్ బ్యాగులకి పట్టి, కింద గరాటాలాంటి తొట్టిలో పడుతుంది. దాన్ని ఒక పొడవాటి స్క్రూ బయటికి తోస్తుంది. టైమర్ పెట్టింది నేనే. పావుగంట ఆగుతుంది, రెండు నిమిషాలు తిరుగుతుంది. తొట్టి తలుపు తెరిస్తే మాత్రం టైమర్ ఏమన్నా స్క్రూ కదలకూడదు. ఆ స్విచ్ ఉన్నది అందుకే.

పోయిన చలికాలం చివర్లో ఆ స్విచ్‌లోకి దుమ్ము చేరింది. తలుపు మూసే ఉన్నా ఒక్కోసారి స్క్రూ ఆగిపోయేది. కొత్త స్విచ్ స్టోరులో లేదు. మిషన్ ఆగకూడదని మా ఇన్‌చార్జి నా నెత్తిన నిలబడ్డాడు. ప్యానెల్లో రెండు టెర్మినళ్లకి జానెడు ఎర్ర వైరు కలిపాను. ఇక తలుపు తీసి ఉన్నా స్క్రూ ఆగదు. ఈ షిఫ్టు వరకే అనుకున్నాను. లాగ్‌బుక్‌లో రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. మూడు వారాలు అలాగే ఉండిపోయింది.

సూరజ్ అని ఫిట్టరు, ఇక్కడికి దగ్గర్లోని పర్సుడీహ్ వాడు, పెళ్లై ఏడాది కాలేదు. తొట్టిలో దుమ్ము గడ్డకట్టిందని ఓ ఉదయం తలుపు తీసి చెయ్యి పెట్టాడు. అప్పుడే టైమర్ పడి స్క్రూ తిరిగింది. ఎడమ చేతికి రెండు వేళ్లు పోయాయి.

అందరూ సూరజ్ దగ్గరికి పరిగెత్తారు. నేను ప్యానెల్ దగ్గరికి పరిగెత్తాను సుకీర్తీ. వైరు పీకి జేబులో వేసుకున్నాను. ఆ తర్వాతే అతని దగ్గరికి వెళ్లాను.

విచారణ వాళ్లు తలుపు తీసి చూశారు. స్క్రూ ఆగింది. స్విచ్ బాగానే ఉంది కాబట్టి సూరజే దాన్ని నొక్కి ఉండేలా తాడుతో కట్టేసి పని చేశాడని రాయబోయారు. అలా రాస్తే అతని ఉద్యోగం పోతుంది. నేను నోరెత్తలేదు.

ఎనిమిదో రోజున అతని ఇంటికి వెళ్లాను. భార్య యోగిత టీ ఇచ్చింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, సూరజ్ హిందీలో మెల్లగా అన్నాడు: “తలుపు తీస్తే మిషన్ ఆగిపోతుందని మీరే కదా అంకుల్ నేర్పారు. అలాగే తీశాను. మరి ఎలా తిరిగిందో తెలియడం లేదు. నేనే ఏదో తప్పు చేసుంటాను.”

ఆ టీ తాగలేకపోయాను. ఇంటికొచ్చి మీ అమ్మ ముందు ఆ వైరు పెట్టి జరిగిందంతా చెప్పాను. దాన్ని చేతిలోకి తీసుకుంది.

“ఇన్నాళ్లూ ఇది జేబులో ఎట్టుకుని నా పక్కన కూకుని అన్నం తిన్నారేటండీ?” అంది.

“భయమేసింది రూత్.”

“ఆ పిల్లాడికి ఇంకెంత భయమేత్తాదో ఆలోచించారా? లెగండి. నానూ వత్తాను.”

ఫౌండ్రీ గేటులో సెక్యూరిటీ వాళ్లు అమ్మని లోపలికి రానివ్వలేదు. నేను బయటికొచ్చేదాకా, రెండు గంటలు, గేటు దగ్గర ఎండలో నిలబడే ఉంది. నేను లోపల వైరు బల్ల మీద పెట్టి, నా తప్పు, ఇన్‌చార్జి ఒత్తిడి, అన్నీ రాసి సంతకం పెట్టాను. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న ప్యానెల్ పని నుంచి నన్ను తీసేసి స్టోరుకి మార్చారు. అది న్యాయమే. సూరజ్ తప్పేమీ లేదని కొత్తగా రాశారు. ఉద్యోగం నిలబడింది, తేలిక పని ఇచ్చారు.

క్షమించమని అడగడానికి మళ్లీ వెళితే, యోగిత తలుపు దగ్గరే నిలబడి, “ఇప్పుడు కాదు” అంది. రెండు నెలలు సూరజ్ నా వైపు చూడలేదు.

పోయిన వారం స్టోరు కిటికీ దగ్గరికి వచ్చాడు. డస్ట్ కలెక్టర్‌కి కొత్త స్విచ్, కరెంటు మెయిన్‌కి తాళం పెట్టారట. “ఒకసారి వచ్చి చూడండి అంకుల్” అన్నాడు. వెళ్లాను. మెయిన్ ఆపి తాళం వేసి, తాళంచెవి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు తలుపు తీసి, “ఇప్పుడు చూడండి” అన్నాడు. తొట్టిలోకి వంగి చూశాను. అతను తలుపు పట్టుకుని, నేను చూడటం అయ్యేదాకా అలాగే ఉన్నాడు.

అమ్మడూ, నువ్వు ఆ వైరు కలపకు. కలపనని కాగితం మీద రాసిచ్చెయ్యి. కోప్పడతారు, పడనీ. పొమ్మంటే రైలెక్కి ఇంటికొచ్చెయ్యి, నీ మంచం నీకే ఉంది. ఇది చదివాక నా మీద అసహ్యం కలిగితే అదీ దాచకుండా రాయి. నాకు రాయాలనిపించకపోతే అమ్మకి రాయి. తను చదివించుకునేది నా చేతే కదా.

ఇట్లు,
నిన్ను ప్రేమించే నాన్న,
ఎబెనేజర్